నన్ను ఏ కాలమ్‌లో రాస్తారు?

2024 నవంబరులో తెలంగాణ రాష్ట్రమంతా ఇంటింటి కులగణన జరిగినప్పుడు మిగతా పంతుళ్లతోపాటు నాకూ డ్యూటీ పడింది. గద్వాలకు పడమట, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఊరు. చంకలో ఫారాల కట్ట, ఒక్కో ఫారంలో 75 వివరాలు, కులాలకు కోడ్లు వేసిన పుస్తకం. మిట్టమధ్యాహ్నం ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఇంటి పెద్దాయన పొలం, బోరు, అప్పు, ఎడ్లు అన్నీ వరసగా చెప్పుకుంటూ వచ్చాడు. కులం ఏంది పెద్దాయనా అంటే "బోయోళ్లం" అన్నాడు. అంతలో కొడుకు బయటికొచ్చి, "ఉత్త బోయ అని రాయొద్దు సార్, వాల్మీకి అని రాయండి" అన్నాడు. కోడలు గడపలో నిలబడి వింటోంది. ఆమె పుట్టిల్లు రాయచూరు దిక్కు. "మా తట్టు నాయకులంటరు సార్. మా అన్న పిల్లలకి ఎస్టీ సర్టిఫికెట్ ఉంది. నా పిల్లలకి ఎందుకు లేదో ఇంతవరకు ఎవరూ చెప్పలే" అంది.

పుస్తకంలో చూసి అందరికీ ఒకే కోడు వేశాను. వాల్మీకి బోయ, బీసీ-ఏ.

ఆమె అడిగినదానికి జవాబు చెప్పేంత తీరిక ఆ పూట నాకు లేదు, ఇంకా పదిళ్లు మిగిలున్నాయి. ఆ జవాబు బాకీ ఉండిపోయింది. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చడానికి రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఆ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. పెద్దాయన చెప్పింది ఊరు పిలిచే పేరు. కొడుకు చెప్పింది తమను తాము పిలుచుకోవాలనుకునే పేరు. కోడలు చెప్పింది సరిహద్దు అవతల సర్కారు రాసుకున్న పేరు. ఈ మూడూ ఒకే మనుషుల మీద ఉన్నా, మూడూ వేరు వేరు పనులు చేస్తాయి. ఊరి పేరు నువ్వు ఎవరింటి మనిషివో, నీతో ఎంత దూరంలో నిలబడాలో చెబుతుంది. సొంత పేరు నీ మర్యాద నిలబెడుతుంది. కాగితం మీది పేరు హాస్టల్లో సీటు ఇస్తుంది, లేదా ఇవ్వదు. కులం గురించి, తెగ గురించి, మతం గురించి మన దగ్గర జరిగే గొడవల్లో చాలావాటికి కారణం ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం.

మన భాషలోనే ఈ చిక్కు ఉంది. సామాజిక శాస్త్రం చదివినవాళ్లు ఎత్నిసిటీ అంటారు. ఒక పుట్టుక, ఒక భాష, ఒక ఆచారం, ఒక జ్ఞాపకం కలిగిన గుంపుకు ఉండే గుర్తింపు అని దానర్థం. దానికి తెలుగులో సరిగ్గా సరిపోయే మాట లేదు. జాతి అందామంటే తెలుగు జాతి అంటాం, జాతీయ జెండా అంటాం, జాతి ఎద్దు అంటాం, గిరిజన జాతులు అంటాం, కోపమొస్తే జాతి తక్కువ అని తిడతాం. ఒకే మాటలో దేశం, పశువు, తెగ, తిట్టు నాలుగూ ఉన్నాయి. కులం అంటే పెళ్లి సంబంధం దాకా పనికొస్తుంది గానీ భాషనూ ప్రాంతాన్నీ పట్టుకోదు. మాటే ఇంత వదులుగా ఉన్నప్పుడు ఆ మాటతో మనిషిని కొలిస్తే కొలత సరిగ్గా ఎలా వస్తుంది?

గీత గీసింది 1956లో

నడిగడ్డ అంటే కృష్ణా తుంగభద్రల నడుమ నేల. గద్వాల, అలంపూర్ అందులోవే. 1956 నవంబరు 1 దాకా ఈ రెండు తాలూకాలూ హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం వీటిని, గుల్బర్గా జిల్లాలోని కొడంగల్‌ను తీసుకొచ్చి మహబూబ్‌నగర్ జిల్లాలో కలిపింది. మిగతా రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోయింది. గీత గీసినవాళ్లు భాషను చూశారు. కానీ ఇక్కడి ఇళ్లలో భాష అంత శుభ్రంగా విడిపోయి లేదు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కచేరీలో ఉర్దూ మాట్లాడినవాళ్లు ఎంతో మంది. పిల్లనిచ్చి పుచ్చుకోవడం గీతకు అటూ ఇటూ ఆగలేదు, ఇప్పటికీ ఆగలేదు.

ఆగింది కాగితం. షెడ్యూల్డ్ తెగల జాబితా దేశం మొత్తానికి ఒకటి కాదు, రాష్ట్రానికొకటి. రాజ్యాంగంలోని 342వ అధికరణ ప్రకారం ఒక తెగను "ఆ రాష్ట్రానికి సంబంధించి" మాత్రమే గుర్తిస్తారు. కర్ణాటక జాబితాలో నాయక అనే పేరు ముందే ఉంది. 1991లో పార్లమెంటు చేసిన సవరణతో దాని పక్కన నాయక్, బేడ, బేడర్, వాల్మీకి అనే పేర్లు కూడా చేరాయి. దాంతో ఈ పేర్లతో ఉన్న అక్కడి బోయవాళ్లంతా ఎస్టీలయ్యారు. ఈరోజు రాయచూరు లోక్‌సభ స్థానం ఎస్టీలకు రిజర్వైన స్థానం. ఇటు మన దగ్గర వాల్మీకి బోయలు బీసీ-ఏ. ఆంధ్రప్రదేశ్‌లో ఉత్తరాన, గోదావరి జిల్లాల్లో ఉన్న ఏజెన్సీ ప్రాంతాల్లో మాత్రం వాల్మీకులు ఎస్టీలు.

ఇప్పుడు ఆ కోడలి ప్రశ్నకు రావచ్చు. ఆమె పుట్టింట్లో ఎస్టీ. పెళ్లై ఇటు వచ్చాక ఆమె పిల్లలకు తండ్రి వైపు నుంచి బీసీ-ఏ వస్తుంది. ఆమె దగ్గరున్న కర్ణాటక సర్టిఫికెట్‌తో తెలంగాణలో ఏ లాభమూ దక్కదు. ఇది తహసీల్దారు తప్పు కాదు. 1990లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న ఒక కుర్రాడు బొంబాయిలో మెడికల్ సీటుకు అదే గుర్తింపు అడిగాడు. కోర్టు కాదంది. ఒక రాష్ట్రంలో ఒక గుంపు అనుభవించే వెనుకబాటు ఇంకో రాష్ట్రంలో అలాగే ఉంటుందని చెప్పలేం కాబట్టి, గుర్తింపు మనిషితోపాటు ప్రయాణం చేయదు అంది.

వాదన విన్నంతసేపూ సబబుగానే ఉంటుంది. దాని అడుగున ఉన్న విషయం ఇంకా ముఖ్యం. ఎస్టీ అనేది రక్తాన్ని బట్టి ఇచ్చే పేరు కాదని కోర్టే చెబుతోంది. అది ఒక చోట ఒక గుంపు పడ్డ కష్టానికి సర్కారు పెట్టిన పేరు. దాన్ని మన పుట్టుక పేరు అనుకున్నప్పుడే అన్నాచెల్లెళ్ల పిల్లలు రెండు జాతులైపోయినట్టు అనిపిస్తుంది.

అయితే మరి నడిగడ్డలో ఒక బోయ రైతు పడ్డ కష్టానికీ, పదిహేను కిలోమీటర్ల అవతల అతని బావమరిది పడ్డ కష్టానికీ తేడా ఏంటి? ఇక్కడే నాకు వాదన తెగిపోయినట్టు కనిపిస్తుంది. అదే ఎర్రనేల, అదే పత్తి, అదే వలస. తేడా వచ్చింది ఏ రాష్ట్రం ఎప్పుడు ఢిల్లీకి ఏం రాసింది అన్నదాంట్లో. ఒక కులాన్ని ఎస్టీ జాబితాలో చేర్చాలంటే రాష్ట్రం సిఫారసు చేయాలి, దానికి జనాభా లెక్కలు చూసే కేంద్ర అధికారి రిజిస్ట్రార్ జనరల్ ఒప్పుకోవాలి, జాతీయ ఎస్టీ కమిషన్ ఒప్పుకోవాలి, ఆ తర్వాత పార్లమెంటు చట్టం చేయాలి. వాల్మీకి బోయలను, ఇంకొన్ని కులాలను చేర్చమని తెలంగాణ శాసనసభ 2023 ఫిబ్రవరిలో కూడా తీర్మానం చేసి పంపింది.

ఢిల్లీలో ఆ సిఫారసును తూచే కొలతలు 1965 నాటి లోకూర్ కమిటీవి. అవి ఐదు: ఆదిమ లక్షణాలు, ప్రత్యేకమైన సంస్కృతి, మిగతా సమాజానికి దూరంగా బతకడం, బయటివాళ్లతో కలవడానికి బిడియం, వెనుకబాటు. ఇవి చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఒక పక్క ఆ కొడుకు తాను రామాయణం రాసిన వాల్మీకి వారసుణ్ణని చెప్పుకుంటున్నాడు. కర్ణాటకలోని సురపురాన్ని ఏలిన, 1857లో కంపెనీ సైన్యం మీదికి లేచిన నాయకులు తమవాళ్లేనని చెప్పుకుంటున్నాడు. ఇంకో పక్క హక్కు కావాలంటే తాను ఆదిమమని, బిడియస్తుణ్ణని రుజువు చూపాలి. ఏ పేరు చెప్పుకుంటే తల ఎత్తుకోగలడో ఆ పేరు ఫైలుకు పనికిరాదు. ఫైలుకు పనికొచ్చే పేరు చెప్పుకుంటే తల దించుకోవాలి. పేరుకూ మనిషికీ మధ్య ఇంతకంటే పెద్ద పొసగనితనం నేను చూడలేదు.

వాల్మీకి అనే పేరుకు కూడా ఒక చిక్కుంది. అదే పేరు ఢిల్లీలో, ఉత్తరాదిలో తరతరాలుగా పారిశుద్ధ్య పని మీదికి నెట్టబడిన ఒక ఎస్సీ కులానిది. గద్వాల కుర్రాడు అక్కడికి పోయి వాల్మీకి అంటే వినేవాళ్లు వేరే మనిషిని ఊహించుకుంటారు.

బోయ అనే మాట మాత్రం పాతది. 848 నాటిదని చెప్పే అద్దంకి శాసనంలో, తెలుగు పద్యం కనిపించే తొలి శాసనాల్లో ఒకదాంట్లో, చాళుక్య సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టాలను, అంటే బోయల స్థావరాలను, గెలిచాడని ఉంది. ఆ తర్వాత కాకతీయుల కాలపు శాసనాల్లో బోయ, రెడ్డి, సెట్టి, నాయక లాంటివి పేరు చివర తగిలించుకునే హోదాలుగా కనిపిస్తాయి. తండ్రికి ఒక హోదా ఉంటే కొడుక్కి ఇంకోటి ఉన్న సందర్భాలు ఉన్నాయని వాటిని చదివిన చరిత్రకారులు చూపించారు. పుట్టగానే అతుక్కుని చచ్చేదాకా వదలని కులం పేరు అని మనం ఇప్పుడు అనుకునేది అప్పుడు అంత గట్టిగా లేదన్నమాట. మనిషి చేసే పనిని బట్టి, ఎదిగిన తీరును బట్టి పేరు కదిలింది. దాన్ని కదలకుండా కట్టేసినవాటిలో ముఖ్యమైనది బ్రిటిషు కాలపు జనాభా లెక్క. లెక్కపెట్టాలంటే ప్రతి మనిషీ ఒకే గడిలో నిలబడాలి కదా.

లంబాడీల సంగతి దీనికి అక్కలాంటిది, క్లుప్తంగా చెబుతాను. దేవరకొండ నుంచి నారాయణపేట దాకా మన తండాల్లో ఉన్నవాళ్లు తమలో తాము గోర్ అని చెప్పుకుంటారు, పరాయివాణ్ణి కోర్ అంటారు. వీళ్లు తెలంగాణలో ఎస్టీ, అదీ 1976 సవరణ చట్టం వచ్చాక. ఆంధ్ర ప్రాంతంలో సుగాలి పేరుతో అంతకు ముందే ఎస్టీ. కర్ణాటకలో ఎస్సీ. మహారాష్ట్రలో విముక్త జాతి, అంటే బ్రిటిషువాళ్లు నేరస్థ తెగలని వేసిన ముద్రను తర్వాత తీసేసిన వర్గం. వాళ్ల భాషకు సొంత లిపి లేదు. జనాభా లెక్కల్లో దాన్ని హిందీ కింద కలిపేస్తారు. హిందీ ముక్క రాని తండా ముసలమ్మ కూడా దేశంలో హిందీ మాట్లాడేవాళ్ల అంకెను ఒకటి పెంచుతుంది.

మా ఇంటి సంగతి

ఇంతవరకు పక్కింటి సంగతులు చెప్పాను. నా సంగతి చెప్పకపోతే న్యాయం కాదు.

మాది అలంపూర్ దిక్కు పల్లె. మేం దూదేకులవాళ్లం. మా తాత వాడిన విల్లు మా ఇంటి అటక మీద ఇంకా ఉంది. మనిషి నిలువంత పొడుగుంటుంది. చూరుకు తాడు కట్టి వేలాడదీసి, నరాన్ని దూది కుప్పలోకి దించి, కొయ్యతో కొడితే టంయ్‌మని మోగేది. ఆ అదురుకు దూది విడిపోయి పైకి లేచేది, పొట్టు, మట్టి కింద రాలేవి. పంటలు ఇంటికొచ్చాక తాత ఆ విల్లు భుజానేసుకుని ఊళ్లు తిరిగేవాడు. పరుపులు కుట్టేవాడు, రాట్నం తిప్పేవాళ్లకు ఏకులు చేసిచ్చేవాడు. సాయంత్రానికి కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద తెల్లగా దూది పేరుకునేదని, తాను చిన్నప్పుడు దాన్ని చూసి నవ్వేదాన్నని మా మేనత్త చెప్పేది. మిల్లులొచ్చాక ఆ పని పోయింది. పేరు మిగిలింది. ఏకు మేకైందని సామెత చెబుతారు కదా, ఏకులు చేసిన మావాళ్లకు ఆ పని పేరే మేకైంది.

ఆ పేరుకు మారుపేర్లున్నాయి. పింజారి, లద్దాఫ్, నూర్‌బాషా. పింజారిలో ఉన్నది మన దూదిపింజలో ఉన్న పింజే. కర్ణాటకలో నదాఫ్ అంటారు, అదీ దూది ఏకేవాడనే అర్థమిచ్చే అరబీ మాట. నూర్‌బాషా మర్యాదగా పెట్టుకున్న పేరు. చదువుకున్నవాళ్లు ఎక్కువగా అదే రాసుకుంటున్నారు, బోయ కొడుకు వాల్మీకి అని రాయమన్నట్టే.

మేం ముస్లింలం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నాయన అంటాం, అమ్మ అంటాం, అవ్వ అంటాం. కలలు కూడా తెలుగులోనే వస్తాయి. ఊళ్లో మమ్మల్ని సాయిబులు అంటారు. పట్నంలో ఉర్దూ మాట్లాడే ముస్లింల దగ్గరికి పోతే, "దూదేకులోళ్లా" అని ఒక నిమిషం ఆగి చూస్తారు. ఆ ఒక్క నిమిషంలో ఎంత దూరం ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు నా పేరు విని తలుపులు మూసుకున్నాయి. అక్కడ నేను నిండా ముస్లింని. నిఖా సంబంధం వెతికేటప్పుడు ఉర్దూ రాదని తలుపులు మూసుకున్నాయి. అక్కడ నేను చాలినంత ముస్లింని కాదు. నా ఒంట్లో ఈ రెండు రోజుల మధ్య ఏమీ మారలేదు, మారింది అడిగేవాళ్లు, వాళ్ల అవసరం.

ఫారంలో నా వివరాలు ఇవి: మతం ఇస్లాం, కులం దూదేకుల, బీసీ-బీ, మాతృభాష తెలుగు. విడివిడిగా చూస్తే అన్నీ నిజాలు. పక్కపక్కన పెడితే కౌంటర్లో కూర్చున్నవాళ్లు నమ్మరు. ముస్లింలలో 14 వెనుకబడిన వర్గాలకు 2007లో నాలుగు శాతంతో బీసీ-ఈ వచ్చాక, "ముస్లిం అయితే ఈ కదా, బీ అని రాశారేంటి" అని నన్ను ఎన్నిసార్లు అడిగారో. మేం 1970 నాటి అనంతరామన్ కమిషన్ వర్గీకరణ నుంచీ బీలోనే ఉన్నామని ప్రతిసారీ చెప్పుకోవాలి.

పేరును బట్టి మనిషిని పోల్చుకోవచ్చనుకునేవాళ్లు నడిగడ్డలో పీర్ల పండగ చూడాలి. మా ఊళ్లో పెద్ద పీరును ఎత్తుకునేది బోయ ఇంటివాళ్లు. మొక్కు తీరి పుట్టిన పిల్లలకు హుసేనమ్మ, మౌలాలి, మస్తానయ్య అని పేర్లు పెడతారు. ఆ హుసేనమ్మ ఇంట్లో ఆంజనేయస్వామి పటం ఉంటుంది. మా మేనత్త పేరు దస్తగిరమ్మ. పేరులో పీరూ ఉన్నాడు, అమ్మా ఉంది. ఏ కాలమ్‌లో రాస్తారు ఆమెను?

ప్రాంతం పేరు కూడా అంతే

మా తమ్ముడి సంగతి వేరు. అలంపూర్ దిక్కు పల్లెలకు పట్నమంటే కర్నూలే. తుంగభద్ర దాటితే చాలు. ఏడు నుంచి పది దాకా వాణ్ణి కర్నూల్లో హాస్టల్లో పెట్టి చదివించాం. ఉద్యోగాల్లో లోకల్ ఎవరో తేల్చేందుకు 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. వాటి ప్రకారం అప్పట్లో పదో తరగతి పరీక్ష రాసేనాటికి వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. అప్పుడు కర్నూలు నాలుగో జోన్‌లో, మహబూబ్‌నగర్ ఆరో జోన్‌లో ఉండేవి. వాడు నాలుగో జోన్ లోకల్ అయ్యాడు. పుట్టింది ఇక్కడ, పొలం ఇక్కడ, ఉద్యమం నడిచినన్నాళ్లూ గద్వాలలో ధర్నాల్లో కూర్చున్నాడు. కాగితం మాత్రం రాయలసీమ వాడివంది. హైదరాబాద్‌లో గదిలో తోటి కుర్రాళ్లు వాడి యాస విని "నువ్వు తెలంగాణ కాదు" అన్నప్పుడు వాడు ఇంటికి ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ నియమం పెట్టినవాళ్లది చెడ్డ బుద్ధి అని నేననను. దాని వెనుక పెద్ద గాయం ఉంది. 1919లో నిజాం ఫర్మానా ముల్కీ అంటే ఎవరో చెప్పింది. పదిహేనేళ్లు ఈ రాజ్యంలో ఉన్నవాడికే ఇక్కడి కొలువు. ఆ హామీ నిలవకపోవడం మీదే 1952లో, 1969లో పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు. లోకల్ అనే గీత లేకపోతే పాలమూరు పిల్లలకు కొలువులు దక్కేవి కావు. కానీ ఆ గీత మనిషి ఎక్కడి వాడో కొలవదు, ఎక్కడ చదివాడో కొలుస్తుంది. చదువు కోసం ఏరు దాటిన పిల్లవాడి దగ్గర ఆ కొలత తప్పింది.

గడులు తీసేద్దామా?

ఇన్ని చిక్కులుంటే ఈ పేర్లన్నీ తీసేయొచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. నా దగ్గర చదివిన కొందరు పిల్లలు కూడా అడిగారు. నేను ఒప్పుకోను. కాగితం మీద బీసీ-బీ లేకపోతే నాకు ఈ ఉద్యోగం లేదు. ఆ తండా పిల్లలకు ఆశ్రమ పాఠశాల లేదు. ఊరు పెట్టిన పేరు ఊరికే పోదు. అది బావి దగ్గర, గుడి దగ్గర, అద్దె ఇంటి దగ్గర ఉంటూనే ఉంటుంది. దానికి ఎదురు నిలబడే కాగితాన్ని తీసేస్తే మిగిలేది ఆ ఊరి పేరు ఒక్కటే. పేరు లేకుండా బతకగలమని చెప్పేవాళ్లు సాధారణంగా పేరు వల్ల ఏమీ పోగొట్టుకోనివాళ్లు.

అలాగని కాగితం మనిషిని నలిపేస్తుంటే చూస్తూ ఊరుకోలేం. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆదివారం చర్చికి పోయే ఎంతో మంది మాదిగ, మాల ఇళ్లవాళ్ల సర్టిఫికెట్లలో హిందూ అని ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, తర్వాత 1956లో చేర్చిన సిక్కులు, 1990లో చేర్చిన బౌద్ధులు మాత్రమే ఎస్సీలు. క్రైస్తవుడినని రాస్తే ఒక్క శాతం ఉన్న బీసీ-సీలోకి పోవాలి. మతం మారినా వాడను ఊరు వేరుగానే చూస్తుంది. కష్టం మారలేదు, కాగితం మాత్రం మారాలంటుంది. వాళ్లు అబద్ధం రాస్తున్నారని ఎవరైనా వేలెత్తి చూపితే నాకు కోపం వస్తుంది. ఒక అబద్ధం చెప్పక తప్పని గడిని తయారుచేసి, అందులో నిలబడ్డ మనిషిని అబద్ధాలకోరు అనడం న్యాయమా?

గడులే లేకుండా జనాన్ని స్వేచ్ఛగా చెప్పమంటే ఏమవుతుందో కూడా ఒకసారి చూశాం. 1931 లెక్కల్లో దేశంలో 4,147 కులాలు తేలాయి. 2011 సామాజిక, ఆర్థిక, కులగణనలో జనం చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే 46 లక్షలకు పైగా పేర్లు వచ్చాయని కేంద్రం 2021లో సుప్రీంకోర్టుకు చెప్పింది. కులం పేరు, ఇంటి పేరు, గోత్రం, ఉపకులం, స్పెల్లింగు తేడాలు అన్నీ కలిసిపోయాయి. ఆ లెక్క పనికిరాదని పక్కన పెట్టారు. లెక్కగా అది పనికిరాకపోవచ్చు. కానీ మీరెవరు అని అడిగితే ఈ దేశం ఎన్ని రకాలుగా జవాబు చెబుతుందో తెలిపేది ఆ అంకే.

చట్టంలో అక్కడక్కడ చిన్న కిటికీలు తెరుచుకుంటున్నాయి. కులాంతర వివాహంలో పుట్టిన పిల్లలకు తండ్రి కులమే వస్తుందనేది మామూలు లెక్క. 2012లో సుప్రీంకోర్టు అది తిరుగులేనిది కాదంది. ఎస్సీ లేదా ఎస్టీ తల్లి పెంపకంలో, ఆ వాడలోనే, ఆ అవమానాల మధ్యనే పెరిగానని పిల్లవాడు చూపించగలిగితే తల్లి గుర్తింపు తీసుకోవచ్చంది. ఎవరికి పుట్టావన్నది ఒక్కటే కాకుండా ఎలా పెరిగావన్నది కూడా చట్టం అడగడం నాకు గొప్ప మార్పుగా అనిపిస్తుంది. 2023లో తెలంగాణ హైకోర్టు జనన నమోదు దరఖాస్తులో కులం లేదు, మతం లేదు అని రాసుకునే వీలు పెట్టమని ఆదేశించింది. ఆ గడి ఎంతమందికి కావాలన్నది కాదు, అడిగినవాళ్లకు దొరకాలి.

రాబోయే జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. 1931 తర్వాత జనగణనలో అందరి కులమూ లెక్కకు రావడం ఇదే మొదటిసారి. మాతృభాషా అడుగుతారు. దీని కోసం ఎదురుచూస్తున్నాను, భయమూ ఉంది. మా పాపను బడిలో చేర్పించినప్పుడు మాతృభాష ఏంటని నన్ను ఎవరూ అడగలేదు. పేరు చూసి ఉర్దూ అని రాసేశారు. మార్పించడానికి రెండుసార్లు తిరిగాను. రెండోసారి పాప కూడా నాతో వచ్చింది. రికార్డులో కొట్టివేత మీద తెలుగు అని రాస్తుంటే ఆ బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడి చూసింది.

మళ్లీ డ్యూటీ పడితే రెండు పనులు చేస్తాను. ఎవరి పేరూ చూసి భాష రాయను, అడుగుతాను. రాసింది ఇంటివాళ్లకు చదివి వినిపించాకే లేస్తాను. అదే ఊరు వస్తే ఆ అరుగు మీదికే ముందు పోతాను. ఆ కోడలికి చెప్పాల్సింది చాలా ఉంది. ఆమె పిల్లలకు ఆ సర్టిఫికెట్ ఎందుకు రాదో ఇప్పుడు చెప్పగలను. రాకపోవడం న్యాయమేనా అని ఆమె తిరిగి అడిగితే, కాదనే చెబుతాను.